ఏం పని చేస్తావమ్మా?



జనాభా లెక్కలు రాసే పంతులుగారు ఒక ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. చేతిలో పెద్ద కాగితం ఉంది. ఇంటాయన పేరు రాసుకున్నారు. వయసు రాసుకున్నారు.

"ఏం పని చేస్తావయ్యా?"

"వ్యవసాయం సార్."

అదీ రాసుకున్నారు.

"మీ ఆవిడ ఏం పని చేస్తుంది?"

"ఆవిడా? ఏం చెయ్యదు సార్. ఊరికే ఇంట్లో ఉంటది."

ఆ సమయానికి ఆ ఇల్లాలు ఎక్కడుంది? గొడ్ల సావిట్లో ఉంది. పేడ ఎత్తుతోంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆవిడ చెవి అన్నం మీద ఉంది. కన్ను నేల మీద పాకే పిల్ల మీద ఉంది. మొగుడి మాట విని పేడ చేతులతోనే బయటికి వచ్చింది. "అవును సార్, నేనేం చెయ్యను. ఇంట్లోనే ఉంటాను" అని తనూ చెప్పింది. సార్‌కు మంచినీళ్లు ఇవ్వాలి గదా! గబగబా చేతులు కడుక్కుని లోపలికి పోయింది.

ఇది ఫలానా ఊళ్లో జరిగిందని చెప్పనక్కర్లేదు. ఏ ఊళ్లో జరగలేదు గనక?

ఇంటాయన అన్న మాట కన్నా ఇల్లాలు తన నోటితో తాను అన్న మాటే ఎక్కువ బాధ పెట్టేది. ఆయనకు తెలియక అన్నాడనుకోవచ్చు. ఆవిడకు తెలియదా?

ఆ 'ఊరికే ఉండే' ఆవిడ రోజు ఎలా గడుస్తుందో చూడండి.

కోడి కూయకముందే లేస్తుంది. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గేస్తుంది. రాత్రి అంట్లు తోముతుంది. కుళాయి దగ్గరికి బిందెలు పట్టుకుని పోతుంది. కుళాయి ఎప్పుడు వస్తుందో ట్యాంకు దగ్గర మనిషికి తెలుసు. ఆవిడ నిద్ర సంగతి కుళాయికి తెలియదు. వచ్చి పాలు పితుకుతుంది. బర్రెకు కుడితి పెడుతుంది. పిల్లల్ని లేపుతుంది. ఒకరికి జడ, ఒకరికి చొక్కా గుండీ. మామగారికి సుగరు మాత్ర టిఫినుకు ముందు వెయ్యాలి, అది మరచిపోకూడదు. అన్నం వార్చి, కూర చేసి, పొలానికి క్యారేజీ కడుతుంది.

అప్పటికి పొద్దు బారెడెక్కుతుంది. నాట్ల కాలమైతే నాట్లకు పోతుంది. కలుపు కాలమైతే కలుపుకు పోతుంది. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రాదు. నెత్తిన గడ్డిమోపో, కట్టెలమోపో ఉంటుంది. మళ్లీ బట్టలు, బియ్యంలో రాళ్లు, సాయంత్రం పొయ్యి. అందరూ తిన్నాక ఏం మిగిలితే అది తింటుంది. పాలు తోడు పెట్టి, తలుపు గొళ్లెం వేసి పడుకుంటుంది. చంటిది ఏడిస్తే మధ్యలో లేస్తుంది. అది రాత్రి పని. దాన్ని ఎవరూ చూడరు, అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి.

ఇవి చేతులు చేసే పనులు. తల చేసే పని ఇంకొకటి ఉంది. డబ్బాలో బియ్యం ఎన్నాళ్లకు వస్తాయి? పొదుపు సంఘం కిస్తీ ఏ రోజు? చిన్నదానికి టీకా ఎప్పుడు? ఆడబిడ్డ పిల్లవాడి అన్నప్రాసనకు ఏం పెట్టాలి? ఇవన్నీ నాటు వేస్తున్నప్పుడు కూడా ఆవిడ తలలో తిరుగుతూనే ఉంటాయి. ఇంటాయన నాగలి దించి ఇంటికొస్తే ఆయన పని అయిపోయినట్టు. ఈ పని దించేది కాదు.

పైగా ఇంటిపనికి ఒక చిక్కు ఉంది. చేసినప్పుడు కనపడదు. చెయ్యనప్పుడే కనపడుతుంది. ఇల్లు ఊడ్చిన రోజు "ఎంత బాగా ఊడ్చావు" అని ఎవరూ అనరు. ఊడవని రోజు మాత్రం గడపలో అడుగు పెట్టగానే అందరికీ కనపడుతుంది.

మరి పని అంటే ఏమిటి? కష్టపడితే పనా? డబ్బులొస్తే పనా?

వెనకటి రోజుల్లో ఇంట్లోనే వడ్లు దంచేవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి రోకలి మార్చి రోకలి వేసేవాళ్లు. అరచేతులు బొబ్బలెక్కేవి. జొన్నలు, రాగులు తిరగట్లో విసిరేవాళ్లు. పప్పు రోట్లో రుబ్బేవాళ్లు. అప్పుడు ఎవరన్నా "మా ఆవిడ వడ్లు దంచే పని చేస్తుంది" అని చెప్పుకున్నారా? లేదు. తర్వాత ఊళ్లోకి మిల్లు వచ్చింది. మిల్లు చేసింది కూడా అదే పని. వడ్లు పోస్తే బియ్యం చేసింది. కానీ మిల్లుకు బోర్డు కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఆడించినందుకు డబ్బులు తీసుకున్నారు. అది వ్యాపారమయింది. మిల్లాయన షావుకారయ్యాడు. పని అదే. బియ్యం అవే. చేతులు మారాయి, డబ్బు వచ్చింది. అంతే తేడా.

వంట సంగతీ అంతే. ఇల్లాలు ఇంట్లో ఇడ్లీ పెడితే దేశం సంపదలో అది లెక్కకు రాదు. అవే నాలుగు ఇడ్లీలు హోటల్లో తింటే లెక్కకొస్తాయి. ప్రపంచంలో అన్ని దేశాలూ తమ ఆదాయం లెక్క కట్టుకునే పద్ధతిలోనే ఇలా ఉంది. ఇంట్లో పండించుకుని తిన్న వడ్లకు లెక్క ఉంది. వాటిని వండినందుకు లెక్క లేదు. పచ్చి బియ్యం ఎవరన్నా తింటారా?

ఇంకో తమాషా చూడండి. వంట బాగుంటే 'నలభీమ పాకం' అంటారు. నలుడు మగవాడు. భీముడూ మగవాడే. తరతరాలుగా పొయ్యి దగ్గర కళ్లు మండించుకున్నది ఎవరు? పేరు వచ్చింది ఎవరికి? పెళ్లిళ్లలో గరిటె తిప్పే మగ వంటవాళ్లకు కూలితో పాటు పంచెల చాపు పెడతారు. ఇంట్లో గరిటె తిప్పిన ఆవిడకు "ఉప్పు తగ్గింది" అనే మాట మిగులుతుంది.

ఆడవాళ్లలో వంటతో పేరు వచ్చినవాళ్లు లేకపోలేదు. గోదావరి జిల్లాలో లంకల గన్నవరం అనే ఊరుంది. ఆ ఊళ్లో డొక్కా సీతమ్మ గారని ఉండేవారు. ఆమె 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళ ఎవరు ఆకలని వచ్చినా వండి పెట్టారు. ఆంధ్రదేశం అంతా ఆమెను అన్నపూర్ణ అంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరే పెట్టారు. చాలా మంచి మాట. అయితే ఆమె వంటకు అంత గౌరవం వచ్చింది వచ్చేపోయేవాళ్లకు పెట్టినందుకు. సొంత మొగుడికి, సొంత పిల్లలకు వండే కోట్లమంది సీతమ్మల సంగతి?

ఇప్పుడు కొంచెం లెక్కలు. ఈ అంకెలు ముఖ్యమైనవి. నెమ్మదిగా చదవండి.

కేంద్ర ప్రభుత్వం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఒక సర్వే చేశారు. రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని అడిగారు. 2019లో ఒకసారి చేశారు. 2024లో ఇంకోసారి చేశారు. 2019 సర్వేలో నూటికి 81 మంది ఆడవాళ్లు ఆ రోజు ఇంటిపని చేశామన్నారు. మగవాళ్లలో నూటికి 26 మందే చేశామన్నారు. ఆ చేసిన ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేశారు. ఆ చేసిన మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024కు వచ్చేసరికి ఆడవాళ్లది 289 నిమిషాలయింది. పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లదీ తగ్గింది. 88 నిమిషాలయింది! పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకోవడం ఈ లెక్కలో లేదు. దానికి వేరే లెక్క ఉంది. అందులో ఆడవాళ్లవి 137 నిమిషాలు, మగవాళ్లవి 75.

289 నిమిషాలంటే ఎంత? 4 గంటల 49 నిమిషాలు. ఏడాదికి 365 రోజులు. ఇంటిపనికి ఆదివారం లేదు, పండగ లేదు. పండగ రోజు ఇంకో రెండు గంటలు ఎక్కువే. అలా ఏడాదికి సుమారు 1,758 గంటలు అవుతుంది. రోజుకు 8 గంటల కూలి చొప్పున భాగిస్తే సుమారు 220 రోజుల పని.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని చూపిస్తామంది. ఆడవాళ్లు పలుగు, పార పట్టుకుని పోయారు. చెరువులో మట్టి తీశారు. మస్టరులో పేరు ఎక్కింది. వేలిముద్ర వేసేవాళ్లు కొందరు సంతకం నేర్చుకున్నది కూడా ఆ మస్టరు కోసమే. తట్ట మట్టి మోస్తే అది పని అయింది. బిందె నీళ్లు మోస్తే కాలేదు. తట్ట బరువేనా? బిందె బరువు కాదా? ఆ 220 రోజులకు ఏ ఊళ్లోనూ మస్టరు లేదు.

ప్రభుత్వం కాగితాల్లో ఇంకా ఘోరం జరిగింది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే సుమారు 36 కోట్లమంది ఆడవాళ్లను 'పనిచేయనివారు' అని రాశారు. ఆ గుంపులో వాళ్ల పక్కన ఎవరున్నారో తెలుసా? బిచ్చగాళ్లు, జైల్లో ఉన్న ఖైదీలు. 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతి ఎత్తి చూపింది. ఇది ఆడవాళ్ల పనిని చిన్నచూపు చూడడమేనని గట్టిగా మందలించింది.

సుప్రీంకోర్టుకు ఈ గొడవ ఎందుకు వచ్చింది? అది తెలుసుకోవాల్సిన విషయం. కొంచెం మనసు కష్టపెట్టే విషయం కూడా.

రోడ్డు మీద ప్రమాదం జరుగుతుంది. మనిషి పోతాడు. బండికి బీమా ఉంటే, పోయిన మనిషి కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలి. ఎంత ఇవ్వాలి? పోయిన మనిషి ఎంత సంపాదించేవాడో చూసి లెక్క కడతారు. మేస్త్రీ అయితే మేస్త్రీ కూలి. గుమాస్తా అయితే గుమాస్తా జీతం. పోయింది ఇల్లాలైతే? "ఆవిడకు సంపాదన లేదు గదా, ఇంట్లో ఊరికే ఉండేది గదా" అంటారు బీమావాళ్లు. ఇంటాయన ఆనాడు అరుగు మీద అన్నమాటే బీమావాళ్లు కోర్టులో అంటారు. అప్పుడు ఆ ఇంటాయనకు ఆ మాట ఎలా ఉంటుందో!

1989లో జంషెడ్‌పూర్‌లో ఒక పెద్ద కర్మాగారం ఉత్సవంలో నిప్పంటుకుంది. చాలామంది ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. ఆ కేసులో మొదట ఇల్లాలి పని విలువ ఏడాదికి 12,000 రూపాయలని కట్టారు. నెలకు వెయ్యి అన్నమాట. 2001లో సుప్రీంకోర్టు అది చాలా తక్కువ అని చెప్పి, నెలకు 3,000 చేసింది. అంటే ఏడాదికి 36,000. 2010లో ఇంకో కేసు వచ్చింది. అందులో పోయిన ఇల్లాలికి కింది కోర్టు రెండున్నర లక్షలు ఇమ్మంది. సుప్రీంకోర్టు దాన్ని 6 లక్షలు చేసింది. బిచ్చగాళ్ల పక్కన రాశారని అన్నది ఆ తీర్పులోనే.

తర్వాత 2014లో ఢిల్లీలో మొగుడూ పెళ్లామూ మోటారు సైకిలు మీద పోతుంటే కారు గుద్దింది. ఇద్దరూ పోయారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలారు. ముసలి అమ్మానాన్నలు మిగిలారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 జనవరి 5న తీర్పు వచ్చింది. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33 లక్షల 20 వేలకు పెంచింది.

ఆ కేసు విన్న ముగ్గురు జడ్జీల్లో ఒకాయన తెలుగాయనే. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ. రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. ఇల్లాలు చేసే పనులన్నీ ఆయన తీర్పులో వరసగా రాశారు. వంట, సరుకులు, శుభ్రం, పిల్లలు, పెద్దవాళ్లు, ఇంటి జమాఖర్చు. పల్లెల్లో అయితే వీటితో పాటు విత్తడం, నాటడం, కోయడం, గొడ్లను చూడడం కూడా ఉంటాయని రాశారు. పైన చెప్పిన నిమిషాల లెక్క కూడా, 2019ది, ఆ తీర్పులో ఉంది. ఇల్లాలి పనికి ఆదాయం లెక్క కట్టడమంటే డబ్బు ఇవ్వడం ఒక్కటే కాదు, ఆ పనిని పనిగా ఒప్పుకోవడం అని ఆయన చెప్పారు.

పేడ ఎత్తడం, నాటు వెయ్యడం దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు తీర్పులోకి ఎక్కాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ ఈ కేసులన్నిటిలో ఒకటి గమనించారా? విలువ కట్టింది ఆవిడ పోయాక. బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఆవిడ చేతికి పది రూపాయలు అడగకుండా వచ్చాయో లేదో ఎవరికి తెలుసు?

బతికున్న ఇల్లాలి గురించి కూడా ఒక తీర్పు ఉంది. అది మద్రాసు హైకోర్టు 2023 జూన్‌లో ఇచ్చింది. ఒకాయన సౌదీకి పోయి కొన్నేళ్లు పనిచేశాడు. ఆయన భార్య ఊళ్లో ఉండి పిల్లల్ని పెంచింది. ఆయన పంపిన డబ్బుతో ఆస్తి కొన్నారు. ఆయన తిరిగొచ్చాక గొడవ వచ్చింది. "డబ్బు నాది, ఆస్తంతా నాదే. ఆవిడ ఏం సంపాదించింది?" అన్నాడు. కోర్టుకు పోయాడు. కోర్టు ఏమంది? ఆవిడ ఇల్లు చూసుకోబట్టే ఆయన దేశం కాని దేశంలో నిశ్చింతగా సంపాదించగలిగాడు, ఆ సంపాదనలో ఆవిడ కష్టమూ ఉంది అంది. కొన్న ఆస్తుల్లో కొన్నిటిలో ఆమెకు సగం వాటా ఉందని చెప్పింది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో, కడప జిల్లాలో, గోదావరి జిల్లాల్లో ఎంతమంది మగవాళ్లు దుబాయి, మస్కట్, కువైట్ పోయారో వేరే చెప్పాలా? ఆ ఇళ్లలో ఆడవాళ్లు అత్తమామల్ని చూస్తారు. అప్పులవాళ్లకు సమాధానం చెబుతారు. పొలం కౌలుకిస్తారు. ఇల్లు కట్టిస్తే ఇసుక, సిమెంటు లెక్క చూస్తారు. అయినా ఊళ్లో ఏమంటారు? "ఆయన పంపిస్తాడు, ఈవిడ కూర్చుని తింటది."

ఇక్కడ ఒక పెద్దమ్మ లేచి అడుగుతుంది. అడగాలి కూడా. "నా మొగుడికి, నా పిల్లలకు నేను వండి పెట్టుకుంటే దానికి లెక్కలేంటమ్మా? నేనేమన్నా కూలిదాన్నా?"

ఈ మాటను తీసిపారెయ్యకూడదు. దాంట్లో ఆవిడ పరువు ఉంది. పిల్లల మీద ప్రేమ ఉంది. అయితే ఒకటి చూడండి. రైతుకు పొలమంటే ప్రాణం. వరి వెన్ను తీస్తుంటే కన్నబిడ్డను చూసినట్టు చూస్తాడు. అంతమాత్రాన వడ్లకు ధర అడగకుండా ఉంటాడా? "ప్రేమతో పండించావు గదా, ఊరికే ఇవ్వు" అంటే ఊరుకుంటాడా? ప్రేమ ఉన్నంత మాత్రాన పని పని కాకుండా పోదు. నడుం నొప్పి తగ్గదు.

మొగుడు పెళ్లానికి నెలనెలా జీతం ఇవ్వాలా అని కొందరు నవ్వుతారు. కూలి చేసే ఇంట్లో ఇద్దరి చేతుల్లోకి వచ్చేదే నాలుగు డబ్బులు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేస్తే ఏమొస్తుంది? జీతం సంగతి కాదు. బర్రెను అమ్మేటప్పుడు "ఏమే, అమ్ముదామా?" అని అడగడం గౌరవం. ఇంటి పట్టాలో, పొలం కాగితంలో ఆమె పేరు కూడా ఉండడం గౌరవం. ఆమెకు జ్వరం వస్తే పడుకోనిచ్చి, పొయ్యి ఆయన వెలిగించడం గౌరవం. ఉత్త పొగడ్తలు చాలా ఉన్నాయి. ఇంటికి దీపం ఇల్లాలు అంటారు. గృహలక్ష్మి అంటారు. ఆ లక్ష్మి బస్సు చార్జీకి ఎవరిని అడగాలి?

ఇంకోరకం మనుషులున్నారు. వాళ్లు తెలివైనవాళ్లు. "ఇంటిపని చాలా గొప్పది, పవిత్రమైనది" అంటారు. అంత గొప్పది కాబట్టి ఆడది ఇల్లు కదలకూడదని, చదువుకు, సంఘానికి, మీటింగుకు పోకూడదని అంటారు. వీళ్లతో జాగ్రత్త. అంత గొప్ప పనయితే వాళ్లూ కొంచెం చేసి ఆ పుణ్యం పంచుకోవచ్చు గదా! గొప్పదని చెప్పి ఒకరి నెత్తినే పెడితే అది సన్మానం కాదు, మోత.

పనిని పనిగా చూస్తే దాన్ని తేలిక చెయ్యాలన్న ఆలోచన కూడా వస్తుంది. పొలానికి కరెంటు మోటారు ఎప్పుడో వచ్చింది. పొయ్యి దగ్గర పొగ మాత్రం అలాగే ఉండిపోయింది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చాక పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. అప్పటిదాకా ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయింది?

చాలా దూరంలో ఐస్‌లాండ్ అని ఒక చలి దేశం ఉంది. 1975లో ఆ దేశం మొత్తం జనాభా సుమారు 2 లక్షల 20 వేలు. ఆ ఏడాది అక్టోబరు 24న అక్కడి ఆడవాళ్లు ఒక్కరోజు పని మానేశారు. నూటికి 90 మంది మానేశారు. ఆఫీసు పనీ మానేశారు, ఇంటిపనీ మానేశారు. ఏం జరిగింది? బడులు, పిల్లల కేంద్రాలు మూతబడ్డాయి. మగవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసులకు పోయారు. తేలిగ్గా వండుకునే సరుకు దుకాణాల్లో అయిపోయింది. మరుసటి ఏడాదే ఆడా మగా సమానమని చట్టం చేశారు. 1980లో ఒక ఆడమనిషిని దేశాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఇక్కడ అలా ఒక్కరోజు మానేస్తే? పాలు తాగే పిల్ల, మంచంలో ఉన్న మామగారు ఏమైపోతారు అని ఇక్కడి ఆడవాళ్లకు ముందు భయం వేస్తుంది. ఆ భయం వాళ్ల పని ఎంత పెద్దదో చెబుతోంది.

ఇంత మాట్లాడడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. అది ఆడపిల్లల సంగతి.

పదేళ్ల పాప. బడి మానేసింది. "ఏం చేస్తోంది?" అని అడిగితే వాళ్లమ్మ ఏమంటుంది? "ఏం చెయ్యట్లేదు, ఇంట్లో ఊరికే ఉంది." ఊరికే ఉందా? తెల్లారి లేచి తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. అమ్మ పత్తి చేనుకు పోతే అన్నం వండుతుంది. నీళ్లు తెస్తుంది. మేకల్ని చూస్తుంది. బీడీల కార్ఖానాలో పదేళ్ల పిల్ల ఉంటే బాల కార్మికురాలు అంటారు. అధికారులు వస్తారు. ఇంట్లో ఉంటే ఎవరూ రారు. ఇంటిపని పని కాదు గదా!

రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి ఎం.వి.ఫౌండేషన్ వాళ్లు ఈ విషయం మీద పనిచేశారు. దాన్ని నడిపిన ప్రొఫెసర్ శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు ఒకే మాట పట్టుకున్నారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాల కార్మికులే. కార్ఖానాలో ఉన్నా సరే, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉన్నా సరే. ఈ మాట ఒప్పుకోవాలంటే ముందు ఇంటిపని కూడా పనేనని ఒప్పుకోవాలి. తల్లి పని లెక్కలోకి రాని ఇంట్లో కూతురి పని కూడా లెక్కలోకి రాదు. ఆ కూతురు పెద్దదై అత్తారింటికి పోయి, అక్కడ లెక్కలాయన వస్తే మళ్లీ అదే మాట చెబుతుంది. "నేనేం చెయ్యను సార్."

చదువు మధ్యలో ఆగి, ఇప్పుడు ఇన్నేళ్లకు పలక పట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు బడికి ఎందుకు పోలేదో ఎవరికి వాళ్లకు గుర్తుంటుంది.

జనాభా లెక్కలు మళ్లీ 2027 మార్చి 1 నాటికి తీస్తామని 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1991 నుంచి లెక్కల కాగితంలో ఒక మార్పు ఉంది. సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా చేసినా అది పనే. కాబట్టి పొలానికి పోతే పోతానని చెప్పాలి. పాలు అమ్మితే చెప్పాలి. మిషను కుట్టినా, బీడీలు చుట్టినా, దుకాణంలో కూర్చున్నా చెప్పాలి. ఇంటాయన చెబుతాడులే అని సావిట్లో ఉండిపోవద్దు. అరుగు దగ్గరికి వచ్చి, తన నోటితో తాను చెప్పాలి.

ఈలోగా ఇంట్లో ఒక పని చెయ్యండి. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు చాలు. రేపు పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసిన పనల్లా ఒక్కో గీతలో రాయండి. పక్కన గడియారం చూసి టైము రాయండి. వాకిలి ఊడవడం, 5 గంటలు. నీళ్లు, 5:20. అక్షరాలు వంకరగా వస్తే రానివ్వండి. తలకట్టు మరచిపోయినా ఫర్వాలేదు. పనిలో పడి రాయడం మరచిపోతే తర్వాత గుర్తు చేసుకుని రాయండి. ఒక కాగితం చాలదు. రెండో కాగితం దగ్గర పెట్టుకోండి.

రాత్రి అన్నాలయ్యాక, ఇంటాయన మంచం మీద కూర్చున్నప్పుడు, బడికి పోయే మగపిల్లవాడి చేత ఆ కాగితాలు పైకి చదివించండి. చదవడం పూర్తి కావడానికి ఎంతసేపు పడుతుందో, అది కూడా కింద రాయండి.